హద్దు రాళ్లు లేని ప్లాటుకి సర్వే చేయించాం, 5కి 4 ఇస్తా

ఇల్లు మొదలుపెట్టే ముందు ప్లాటు హద్దులు తేల్చుకుందామని గుంటూరులో ఒక ప్రైవేట్ సర్వే వాళ్లని పిలిచాం, వాళ్ల గురించే ఇది. కొలతల పనిలో వంక పెట్టడానికి లేదు. కాయితాల దగ్గరే విసిగించారు.

మాది పాత లేఅవుట్, లేఅవుట్లకి అనుమతులిచ్చే సీఆర్డీఏ రాకముందు ఆ పని చూసే వీజీటీఎం ఉడా ఉండేది కదా, అప్పుడు అప్రూవ్ అయింది. 30×60, 200 గజాలు, తూర్పు ఫేసింగ్. మామయ్య గారు కొన్నప్పుడు నాలుగు మూలలా రాళ్లు ఉండేవంట, ఇప్పుడు నైరుతి మూల ఒక్కటే మిగిలింది, అదీ ఒరిగిపోయి. నల్లరేగడి నేల, ఎండాకాలం నెర్రెలిచ్చి వానాకాలం ఉబ్బుద్ది, రాయి నిలబడమంటే ఎక్కడ నిలబడుద్ది. మిగతా మూడూ కంపచెట్లు కొట్టించినప్పుడు జేసీబీకి పోయాయో, రోడ్డుకి గ్రావెల్ పోస్తే దాని కింద పడ్డాయో తెలీదు.

మా మేస్త్రీ అయితే "పక్కింటి గోడ పట్టుకుని 30 అడుగులు టేపు లాగేస్తే సరిపోద్ది సార్, దీనికి మళ్లీ సర్వేయర్ ఎందుకు" అన్నాడు. మా వీధిలో అందరూ చేసింది అదే, అక్కడే వచ్చింది తంటా అంతా. మొదటి ఇంటాయన గోడ నాలుగంగుళాలు జరిగితే రెండో ఆయన ఆ గోడ నుంచి కొలుస్తాడు, మూడో ఆయన రెండో ఆయన గోడ నుంచి, చివరికి ఖాళీ ప్లాటు ఎవరిదైతే తరుగు అంతా వాడి నెత్తిన పడుద్ది.

ఈ సర్వే వాళ్లలో నాకు నచ్చిన మొదటి విషయం, ఫోన్ చేయగానే రేటు చెప్పలేదు. లేఅవుట్ కాపీ ఉందా, దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) ఉన్నాయా, చెక్కుబందీలో, అంటే దస్తావేజులో హద్దులు రాసే చోట, నాలుగు వైపులా ఏం రాశారో వాట్సాప్ చెయ్యండి, అవి చూశాక వస్తాం అన్నారు. లేఅవుట్ కాపీ లేకపోతే రామనే చెప్పారు. 6,000 తీసుకున్నారు, అందులో రాళ్లు పాతడం లేదు.

పొద్దున్నే వచ్చారు, ఎండ ఎక్కితే నేల మీద సెగ ఆడి టోటల్ స్టేషన్‌లో (దూరం, కోణం కొలిచే మిషన్) అవతల మూల పట్టుకునే అద్దం, అదే ప్రిజం, సరిగ్గా కనపడదంట. వచ్చినోళ్లు మా ప్లాటులో అడుగే పెట్టలేదు ముందు, నేరుగా వీధి చివర జంక్షన్ దగ్గరికి పోయారు. లేఅవుట్ కాపీ చూసుకుంటా రోడ్డు వెడల్పు కొలిచి ఒక చోట సున్నంతో గుర్తు పెట్టి, పలుగు పెట్టి తవ్వమన్నారు. అడుగున్నర లోతులో, గ్రావెల్ కింద, నిజంగానే రాయి తగిలింది! తల మీద మట్టి తుడిస్తే ఎర్ర పెయింటు మరక ఇంకా ఉంది. అలాగే రెండో చివర పార్కు మూల రాయి ఒకటి పట్టుకున్నారు, అది తుప్పల్లో ఉంది కానీ కదల్లేదు. ఈ రెండిటి మధ్య మా వరసలో 10 ప్లాట్లు, అంటే కాగితం మీద 300 అడుగులు రావాలి, వచ్చింది 299 అడుగుల 4 అంగుళాలు. తగ్గిన ఆ 8 అంగుళాలు పదిమందికీ సమానంగా పంచితే ప్లాటుకి ముప్పావు అంగుళం పైచిలుకు. అలా పంచి మా హద్దు తీశారు.

డీజీపీఎస్ (శాటిలైట్ సిగ్నల్‌తో చోటు గుర్తించే మిషన్) కూడా తెచ్చారు కానీ పార్కు దగ్గర ఓపెన్‌గా ఉన్న చోటే వాడారు. మా ప్లాటు పక్కన మూడంతస్తుల బిల్డింగ్, వేపచెట్టు ఉన్నాయి, అక్కడ సిగ్నల్ ఫిక్స్ కాలేదు, టోటల్ స్టేషన్‌తోనే చేశారు. "మా దగ్గర డీజీపీఎస్ ఉంది, సెంటీమీటర్ కూడా తేడా రాదు" అని బోర్డులు పెట్టుకున్నోళ్లు చాలామంది ఉన్నారు, మిషన్ ఎంత మంచిదైనా పక్కింటి గోడ దగ్గర మొదలెడితే గోడ ఎంత తప్పో హద్దూ అంతే తప్పు వస్తుంది. అందుకని సర్వేయర్‌ని మాట్లాడుకునేటప్పుడు మిషన్ గురించి కాదు, ఎక్కడి నుంచి కొలత మొదలెడతారో అడగండి.

తేలిందేంటంటే దక్షిణం పక్కింటి కాంపౌండ్ వాల్ రోడ్డు వైపు 5 అంగుళాలు మాలోకి వచ్చింది, వెనక్కి పోయేకొద్దీ తగ్గి నైరుతి మూలకి సున్నా అయిపోయింది. పనికి ముందే ఆ పక్కింటి బాబాయ్ గారిని పిలిపించి ఎదురుగానే కొలిచారు, ఇది చాలా మంచి పని. ఆయన "ఏంటయ్యా, నా గోడ పడగొట్టిస్తారా?" అని గట్టిగానే అడిగారు. "కొలవడానికే వచ్చామండీ, తీర్పు చెప్పడానికి కాదు" అన్నాడు సర్వే కుర్రాడు. నిజమే, ప్రైవేట్ సర్వేకి అంతవరకే. పేచీ పడితే మీసేవలోనో సచివాలయంలోనో ఎఫ్-లైన్‌కి, అంటే గవర్నమెంట్ చేత హద్దులు కొలిపించుకోవడానికి, అప్లై చేసుకోవాలి, గవర్నమెంట్ సర్వేయర్ చుట్టుపక్కల వాళ్లకి నోటీసులిచ్చి ఎఫ్ఎంబీ (గవర్నమెంట్ సర్వే కొలతల పటాల పుస్తకం) పట్టుకుని వస్తాడు. కాకపోతే ఎఫ్ఎంబీలో ఉండేది సర్వే నంబర్లు, సబ్ డివిజన్ల హద్దులు, లేఅవుట్ లోపలి ప్లాట్లు అందులో ఉండవు, పొలాలకి పనికొచ్చినంతగా మా లాంటి ప్లాట్లకి పనికిరాదు. బాబాయ్ గారితో గొడవ దేనికని గోడ జోలికి పోలేదు, మా సెట్‌బ్యాక్ (హద్దుకీ ఇంటికీ మధ్య వదిలే ఖాళీ) మాత్రం సర్వే వాళ్లు హద్దుకి కొట్టిన పెగ్గుల లైన్ నుంచే తీసుకున్నాం.

ఇంకోటి. అత్తయ్య గారు ఈశాన్యం పెగ్గు రెండంగుళాలు రోడ్డు వైపు జరపమన్నారు, ఈశాన్యం పెరిగితే మంచిదని. "ఇంటి గోడలు మీ ఇష్టమొచ్చినట్టు జరుపుకోండమ్మా, హద్దు మాత్రం ఇక్కడే" అని సర్వే కుర్రాడు నవ్వుతూనే కుదరదనేశాడు. ఆవిడ ఇప్పటికీ ఆ అబ్బాయి మీద కోపంగానే ఉన్నారు.

ఇంక స్టార్ ఎక్కడ కట్ చేశానంటే. కొట్టినవి సన్నటి చెక్క పెగ్గులు, ఒక్క వాన పడితే మా నేలలో అవి ఉండవు. పునాదులకి జేసీబీ దిగితే అసలే ఉండవు కాబట్టి కల్వర్టు గోడ మీదా, రోడ్డు అంచునా మేకులు కొట్టి అక్కడి నుంచి మూలలకి దూరం రాసివ్వమని మేమే అడగాల్సి వచ్చింది, అడిగాక ఇచ్చారు. స్కెచ్ అయితే రేపు మాపు అని తిప్పారు, ఫోన్ ఎత్తరు, తీరా పంపిన పీడీఎఫ్‌లో పక్క ప్లాటు నంబరు తప్పు. మళ్లీ సరిచేయించుకుని సంతకం, స్టాంపు వేయించుకునేసరికి ఓపిక అయిపోయింది. మీరు పిలిస్తే సగం డబ్బులు స్కెచ్ చేతికొచ్చాకే ఇవ్వండి.

వాళ్లు ఉండగానే మూల నుంచి మూలకి టేపు పట్టించి చూసుకోండి. 30×60కి 67 అడుగుల 1 అంగుళం రావాలి, రెండు వైపులా ఒకేలా రావాలి. మాకు తగ్గిన ముప్పావు అంగుళం వల్ల అర అంగుళం లోపు తక్కువ వచ్చింది, రెండూ సమానంగానే వచ్చాయి. మేస్త్రీ తన మూలమట్టం పెట్టి మరీ చూసుకుని, అదే రోజు నాలుగు మూలలా కాంక్రీటు పోసి రాళ్లు పాతేశాడు.