పెరటి పిట్టల పేర్లకు మెర్లిన్ మేలా, పుస్తకం మేలా?

న్యూజెర్సీలో ఇల్లు కొని, పెరట్లో పిట్టలకి గింజలు పెట్టే ఫీడర్ వేలాడదీసిన మనవాళ్ళు కనిపించినప్పుడల్లా అడిగేది ఒకటే: "ఫోన్‌లో మెర్లిన్ ఉంది కదా, ఇంకా పిట్టల బొమ్మల పుస్తకం ఎందుకండీ?"

మెర్లిన్‌ని తక్కువ చేయను. పాట విని, ఫోటో చూసి పిట్ట పేరు చెప్పే యాప్ అది, కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళది, పైగా ఉచితం. మే నెలలో ఆకులు కమ్ముకున్నాక అడవిలో పిట్ట కంటికి ఆనదు, పాట ఒక్కటే వినిపిస్తుంది. అప్పుడు దాన్ని మించింది లేదు. చెట్టు పైకొమ్మల్లో పొద్దస్తమానం పాడేది రెడ్-ఐడ్ వీరియో అని నాకు తెలిసింది దానివల్లే.

కానీ బ్లూ జే అనే నీలం పిట్ట ఉందే, అది రెడ్-షోల్డర్డ్ హాక్ అనే గద్ద అరుపుని అచ్చుగుద్దినట్టు అరుస్తుంది. ఓసారి యాప్ గద్ద అని చూపించగానే పిల్లలంతా పెరట్లోకి పరుగు. తీరా చూస్తే కొమ్మ మీద జే! చికడీలనే చిన్న పిట్టల సంగతి ఇంకా తికమక. మన న్యూజెర్సీలో ఉత్తరాన బ్లాక్-క్యాప్డ్ రకం, దక్షిణాన కరొలైనా రకం. రెండూ కలిసే చోట ఒకదాని పాట ఇంకోటి నేర్చుకుంటుంది, జత కూడా కడతాయి. అక్కడ పుస్తకమూ చేతులెత్తేస్తుంది లెండి.

నేను చూసేది ఒక్కటే: అదే పిట్ట వారం తర్వాత మళ్ళీ వస్తే ఫోన్ తీయకుండా గుర్తుపడతామా? డౌనీ, హెయిరీ అని రెండు నలుపు తెలుపు వడ్రంగి పిట్టలున్నాయి. డౌనీ సుమారు 6 అంగుళాలు, హెయిరీ 9. విడివిడిగా వాలితే ఆ తేడా తెలియదు. యాప్ చెప్పిన పేరు నేను మూడుసార్లు మర్చిపోయాను. పుస్తకంలో రెండు బొమ్మలూ ఒకే పేజీలో చూశాక ముక్కు మీద దృష్టి పడింది. డౌనీ ముక్కు తలలో సగం కూడా ఉండదు, హెయిరీది దాదాపు తలంత పొడుగు. తోక అంచున ఉన్న తెల్ల ఈకల మీద నల్ల చుక్కలుంటే అది డౌనీ. ఆ తర్వాత ఎప్పుడూ పొరబడలేదు.

ఫోటో తీసి అడగడమంటారా, మామూలు ఫోన్ కెమెరాలో పిట్ట చుక్కలా పడుతుంది. బైనాక్యులర్స్ ఎలాగూ కావాలి, 8x42 (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు.

కిందటేడు వచ్చిన అమ్మకి ఇవేవీ పట్టలేదు. ఫీడర్ కేసి చూసి "ఇది మన ఊరపిచ్చుకేగా" అంది. అదే జాతి, 1850ల్లో యూరప్ నుంచి తెచ్చి బ్రూక్లిన్‌లో వదిలారు.

పుస్తకం కొంటే మాత్రం తూర్పు రాష్ట్రాలకు విడిగా వేసింది తీసుకోండి. కాలిఫోర్నియా పిట్టల పేజీలు ఇక్కడ తిప్పడం దండగ.