ఐదేళ్లకు పైగా ఆడినాక: ఫైనల్ ఫాంటసీ 14లో బాస్ ముందు కొత్తగా నిలబడేవాళ్లకు

మొన్న సంక్రాంతి సెలవులకు మా చిన్నాన్న కొడుకు అనంతపురం వచ్చి నా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వాడికి ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆటలో అప్పుడే లెవెల్ 34 వచ్చింది. కథలో టైటన్ అనే రాతి దేవుడితో పోరు. అక్కడ బాస్, అంటే పెద్ద శత్రువు, వాడే. గుండ్రటి బండ మీద నిలబడి కొట్టాలి. టైటన్ ల్యాండ్‌స్లైడ్ అనే దెబ్బ వేస్తే నేల మీద ఒక పట్టీ పొడుగునా విసురొస్తుంది. ఆ దారిలో ఉన్నవాడు బండ అంచు దాటి కిందికి పోతాడు. మావాడు వరసగా మూడుసార్లు పోయినాడు.

"అన్నా, నేను బాగనే కొడ్తాండా గదన్నా, మల్ల యాల సస్తాండా?"

పక్కన కూర్చుని వాడి కళ్లనే చూసినా. రెండే చోట్లకు పోతున్నాయి. ఒకటి, కింద బటన్ల వరస. రెండు, పైన బాస్ ప్రాణం ఎంత మిగిలిందో చూపించే గీత. నడుమ ఉన్న నేల వాడికి కనపడనే లేదు.

"ఈసారి కొట్టేది మర్చిపో. ఉత్తగా నేల చూసుకుంటా తిరుగు," అన్నా. తోటి ముగ్గురికీ చాట్‌లో ముందే చెప్పినాం, ఇతను కొత్త, ఇప్పుడు అడుగులు నేర్చుకుంటున్నాడు అని. ముగ్గురూ సరే అన్నారు. ఆ సారి వాడు ఒక్కసారి కూడా పడలేదు.

నేను ఈ ఆట మొదలుపెట్టింది 2020 ఆగస్టులో. బయటికి పోయే వీల్లేని రోజులు. సరిగ్గా ఆ నెలలోనే ఫ్రీ ట్రయల్‌ను లెవెల్ 60 దాకా పెంచినారు. 2023 అక్టోబర్ నుంచి అది లెవెల్ 70 దాకా ఉంది, రోజుల గడువేమీ లేదు. రెండేళ్లు ఒక్క రూపాయి పెట్టకుండా ఆడినా, తర్వాతే కొనుక్కున్నా. కాబట్టి నేనిక్కడ చెప్పేదంతా మీరు డబ్బు పెట్టకుండానే ఆడి చూడొచ్చు.

రైడ్ బాస్ అంటే ఒంటరిగా కొట్టలేని శత్రువు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఇంకో ఆట 2004లో వచ్చినప్పుడు పెద్ద రైడ్లకు 40 మంది కావాల్సి వచ్చేది. మన ఆటలో అంత మంది అక్కర్లేదు. మొదట్లో నలుగురు: ఒక ట్యాంకు, ఒక హీలరు, ఇద్దరు డీపీఎస్. అసలు పోరాటాల్లో ఎనిమిది మంది: ఇద్దరు ట్యాంకులు, ఇద్దరు హీలర్లు, నలుగురు డీపీఎస్. అలయన్స్ రైడ్ అయితే ఎనిమిదేసి మంది మూడు జట్లు, మొత్తం 24 మంది. ట్యాంకు బాస్ కోపాన్ని తన మీదికి లాక్కుంటాడు, హీలరు ప్రాణాలు నిలబెడతాడు, డీపీఎస్ కొడతాడు. ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. కానీ ఇది తెలిసినంత మాత్రాన బాస్ ముందు నిలబడలేం. నాకు ఈ సంగతి అర్థమైంది ఆటలో కాదు, ఉరవకొండ దగ్గర మా అమ్మ పుట్టిన ఊర్లో.

మా మేనమామ చెక్కభజన గుంపులో ఉండేవాడు. రాత్రి పూట రాములవారి గుడి ముందర ఎదురెదురుగా రెండు వరసలు, నడుమ తాళాలతో గురువు. గురువు పాట మారిస్తే అడుగు మారుతుంది. ఎవరు ముందుకు, ఎవరు వెనక్కి, ఎప్పుడు గుండ్రంగా తిరగాలి, ఎప్పుడు వరసలు కలవాలి, అంతా ముందే కట్టిపెట్టి ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లోడికి మొదటి కొన్నాళ్లు చేతికి చెక్కలు ఇచ్చేవాళ్లు కాదు. ఉత్త చేతులతో అడుగులే. "సప్పుడు తర్వాత రా, ముందు కాలు పడనీ," అనేవాడు మా మామ. ఆ మాట గుర్తొచ్చినరోజు నా ఆట మారింది.

ఈ ఆటలో బాస్ అచ్చంగా ఆ గురువే. చాలామటుకు ప్రతి బాస్ తన దెబ్బల్ని ఒకే వరసలో వేస్తాడు. ఇవాళ ఏ వరస వేసినాడో రేపూ అదే. అందుకే మొదటిసారి చచ్చిపోవడం తప్పు కాదు, చరణం తెలుసుకోవడం. చచ్చినాక నేల మీద పడి ఉన్నప్పుడు ఫోన్ చూసుకోకండి. బతికి ఉన్నవాళ్లు యాడ నిలబడినారు, బాస్ ఏ పేరు పలికినప్పుడు ఎటు కదిలినారు, అది చూడండి. నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం పడి ఉండి చూసిందే.

మరి కొట్టేది ఎప్పుడు? దానికీ వేళలున్నాయి. లెవెల్ 20లో ఇఫ్రిట్ అనే అగ్ని దేవుడు మధ్యలో ఒక మండే మేకును నేలలో దిగ్గొడతాడు. అందరూ ఇఫ్రిట్‌ను వదిలి ఆ మేకును పగలగొట్టాలి. లేకపోతే హెల్‌ఫైర్‌తో అందరూ మాడిపోతారు. టైటన్‌కైతే సగంలో గుండె బయటపడుతుంది. అది పగిలేదాకా ఒళ్లు దాచుకోకుండా కొట్టాలి. మా తమ్ముడితో "ఇప్పుడు కొట్టు!" అని నేను గట్టిగా అరిచింది అక్కడే. ఆ అరుపుకు వంటింట్లోంచి మా అమ్మ తొంగి చూసింది.

ఇప్పుడు మన ప్రాంతంవాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. కొత్తలో నాకు చాలా కోపం తెప్పించింది ఇదే. దెబ్బ పడబోయే చోట నేల మీద నారింజ రంగు మచ్చ పడుతుంది, అందులోంచి బయటికొచ్చేస్తా, నా కంటికి నేను స్పష్టంగా బయటే ఉన్నా, అయినా దెబ్బ తగిలి చస్తా. ఆట మోసం చేస్తోందనుకున్నా. కారణం వేరే. దెబ్బ ఎవరికి తగలాలో ఆట నిర్ణయించేది మంట లేచినప్పుడు కాదు, బాస్ మంత్రం పలికేటప్పుడు తెర మీద కనపడే గీత నిండి మచ్చ మాయమైన క్షణంలో. ఆ క్షణాన సర్వర్ (ఆటను నడిపే దూరపు కంప్యూటర్) లెక్కలో మీరెక్కడున్నారన్నదే ముఖ్యం. మంటలు కనపడేది ఆ తర్వాత. ఈ ఆటకు సర్వర్లు జపాన్‌లో, ఉత్తర అమెరికాలో, యూరప్‌లో, ఆస్ట్రేలియా వైపు ఉన్నాయి. మన దేశంలో లేవు. మా ఇంటి నుంచి జపాన్‌కు పోయి రావడానికి మామూలుగా 150 నుంచి 200 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే నేను మచ్చ దాటిన కబురు అక్కడికి చేరేసరికి గీత నిండిపోయి ఉంటుంది. అందుకని మంటను చూసి కాదు, గీతను చూసి కదలండి. ముప్పావు నిండేలోపు మీరు బయట ఉండాలి. ఒకసారి మచ్చ మాయమైందంటే మాత్రం మంటలు ఇంకా లేస్తున్నా సరే, ధైర్యంగా లోపలికి తిరిగి వచ్చేయొచ్చు. ఈ రెండో సగం తెలిసినాక నేను బాస్ పక్కన నిలబడే సమయం చాలా పెరిగింది.

ఈ దూరం ఉన్నా మనం ఆడగలగడానికి ఒక కారణం ఆట నెమ్మదితనం. ముఖ్యమైన బటన్ ఒకటి నొక్కితే ఇంకోదానికి మామూలుగా రెండున్నర సెకన్లు ఆగాలి. ఆ సందులో పాతవాళ్లు రెండు చిన్న బటన్లు ఇరికిస్తారు. మన పింగ్‌తో, అంటే సర్వర్‌కు పోయి రావడానికి పట్టే ఈ ఆలస్యంతో, ఒకటే ఇరికించండి. రెండోది వేస్తే తర్వాతి పెద్ద దెబ్బ వెనక్కి జరుగుతుంది. ఎండాకాలంలో మా వీధిలో సాయంత్రం కరెంటు పోతుంటుంది కాబట్టి రౌటర్‌కు చిన్న బ్యాకప్ పెట్టుకున్నా. పోరు నడుమ కనెక్షన్ తెగినా వెంటనే లాగిన్ అయితే మళ్లీ ఆ పోరులోకే పోతాం. కంగారు పడొద్దు.

గుర్తుల సంగతి. ఒక మనిషి చుట్టూ బాణాలు లోపలికి చూపిస్తుంటే అది స్టాక్. దెబ్బను అందరూ పంచుకోవాలి, గుంపులోకి పరుగెత్తాలి. నా తల మీద మొదటిసారి ఆ గుర్తు పడినప్పుడు, నా వల్ల పక్కవాళ్లకు ఏమీ కాకూడదని మంచి మనసుతోనే దూరంగా పారిపోయినా. ఆ దెబ్బ ఒక్కడి మీద పడితే బతకలేం. చచ్చినాక హీలరు ఒకాయన ఓపిగ్గా చెప్పినాడు, ఇది పంచుకునేది, పారిపోయేది కాదు అని. దానికి సరిగ్గా ఎదురు గుర్తు కూడా ఉంటుంది: ఒక్కొక్కరి చుట్టూ ఒక్కో గుండ్రం పడితే అందరూ విడిపోవాలి, ఎవరి గుండ్రం ఇంకొకరికి తగలకూడదు. కన్ను గుర్తు కనపడితే బాస్‌కు వీపు తిప్పాలి. వెనక్కి నెట్టే దెబ్బలకు ట్యాంకులకూ దగ్గర్నుంచి కొట్టేవాళ్లకూ లెవెల్ 32లో ఆర్మ్స్ లెంగ్త్ వస్తుంది, మంత్రాలవాళ్లకు 44లో షూర్‌కాస్ట్ వస్తుంది. ఆరు సెకన్లు, దెబ్బ నెట్టినా కాలు జారనివ్వవు. చాలామంది వీటిని బటన్ల వరసలో పెట్టుకోనే పెట్టుకోరు.

ఏ పాత్ర తీసుకోవాలి? డీపీఎస్ సులువని అందరూ అంటారు. నా అభిప్రాయం వేరు: భయం లేకపోతే ట్యాంకుతోనే మొదలుపెట్టండి. ప్రాణం ఎక్కువ, చిన్న తప్పుకు చావరు, బాస్ ఎదురుగా నిలబడతారు కాబట్టి వరస త్వరగా వస్తుంది. మూడే మాటలు గుర్తుంచుకోండి. లోపలికి పోగానే ట్యాంక్ స్టాన్స్ (బాస్ కోపం మీ మీదే నిలిచేలా చేసే బటన్) వేసుకోవాలి. బాస్ ముఖాన్ని తోటివాళ్లకు అవతలి వైపు తిప్పి, ఒకచోట నిలబెట్టాలి. ఊరికే తిప్పుతుంటే వెనకనుంచి కొట్టేవాళ్ల దెబ్బల బలం తగ్గుతుంది. ట్యాంకును గురిపెట్టి పెద్ద దెబ్బ వస్తుందని గీత చెప్పినప్పుడు కాపుదల బటన్ ఒకటి నొక్కాలి, నొక్కకుండా దాచుకుని చావొద్దు. హీలరు అవ్వాలనుకుంటే ఒకటే మాట: ముందు మీరు బతకండి. పడినవాణ్ని లేపాలన్న ఆత్రంలో మచ్చలో నిలబడి మంత్రం పలికి చచ్చిన హీలర్లను లెక్కలేనంత మందిని చూసినా. స్విఫ్ట్‌కాస్ట్ (తర్వాతి మంత్రం వెంటనే పడేలా చేసే బటన్) వేసి లేపితే ఆగాల్సిన పనే లేదు. లేచినవాడికి కాసేపు బలహీనత ఉంటుంది, వాణ్ని కాస్త కనిపెట్టుకోవాలి.

సెట్టింగుల్లో నాలుగు పనులు. కెమెరాను ఎంత దూరం పోతే అంత వెనక్కి లాగండి. ఇతరుల మెరుపులు, వెలుగులు తగ్గించండి, లేకపోతే 24 మందిలో నేలే కనపడదు. బాస్‌ను ఫోకస్ టార్గెట్‌గా పెట్టుకుంటే మీరు ఎవరివైపు చూస్తున్నా ఆయన మంత్రం గీత తెర మీద ఉంటుంది. ఇక వెనక్కి నడిచే బటన్ వాడొద్దు. వెనక్కి నడక నెమ్మది, దానితో తప్పించుకోలేరు. తిరిగి పరుగెత్తండి.

ఇన్నేళ్లలో నాకు నచ్చనివీ ఉన్నాయి. మనం ఆడే వెర్షన్ జపనీస్, ఇంగ్లీష్, జర్మన్, ఫ్రెంచ్ భాషల్లోనే ఉంది. మా తమ్ముడు తెలుగు మీడియం పిల్లోడు. బాస్ పలికే పేర్లు చదివి అర్థం చేసుకునేలోపు దెబ్బ పడిపోతుంది. అందుకని ఇద్దరం ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాం: ఈ పేరు వస్తే పక్కకు, ఈ పేరు వస్తే దగ్గరికి. పేరు మొత్తం చదవొద్దు, మొదటి అక్షరాల ఆకారం గుర్తుపడితే చాలని చెప్పినా. రెండోది, కథ చాలా పొడుగు. 24 మంది పోరు చూడాలంటే లెవెల్ 50 దాకా ఓపిక పట్టాలి. మూడోది నాకు నిజంగా బాధ: పాత బాస్‌లు ఇప్పుడు మరీ త్వరగా చస్తున్నారు. ఆటగాళ్ల బలం ఏళ్ల తరబడి పెరిగింది, బాస్‌ల వరస సగం కూడా బయటికి రాదు. కొత్తవాడు ఏమీ నేర్చుకోకుండా దాటేస్తాడు, తర్వాత కష్టమైన చోట దెబ్బ తింటాడు. లాబిరింత్ ఆఫ్ ద ఏన్షియెంట్స్ అనే 24 మంది పోరులో కింగ్ బెహెమోత్ అనే బాస్ ఉన్నాడు. వాడు ఎక్లిప్టిక్ మీటియోర్ పలికినప్పుడు, వాడే ముందు పడేసిన ఉల్కల వెనక మనం దాక్కోవాలి. ఇది మాత్రం ఇప్పటికీ చంపుతుంది. తెలియనివాళ్లు బాస్ కాళ్ల దగ్గరే కొడుతూ ఉండిపోతారు.

మనుషుల గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. కొత్తవాళ్ల పేరు పక్కన ఆటే ఒక పచ్చటి మొలక గుర్తు పెడుతుంది. ఆ పోరును మొదటిసారి చూసేవాడు గుంపులో ఉంటే మిగతావాళ్లకు అదనపు బహుమతి వస్తుంది. కాబట్టి మీరు కొత్త అని చెప్పుకోవడానికి వెనకాడొద్దు. లోపలికి పోగానే "ఫస్ట్ టైమ్" అని రెండు మాటలు రాయండి. ఈ ఐదేళ్లలో అలా రాసినవాణ్ని తిట్టినవాళ్లు నాకు ఇద్దరో ముగ్గురో కనపడినారు. ఆగి నేర్పినవాళ్లు వందల్లో ఉంటారు. పోరు అయినాక ఒకరిని మెచ్చుకునే ఓటు మీకుంటుంది, నేర్పినవాళ్లకు అది వేయండి.

టైటన్‌ను మావాడు ఐదోసారికి గెలిచినాడు. గెలిచినాక కుర్చీలోంచి లేచి, "అన్నా, ఇది మామ చెక్కభజనే గదన్నా!" అన్నాడు. నేను ఆ పోలిక వాడితో అప్పటిదాకా అనలేదు. ఇప్పుడు వాడికి లెవెల్ 50 దాటింది, హీలరుగా మారినాడు. ఈ ఆదివారం రాత్రి భోజనాలైనాక లాబిరింత్‌కు పోతున్నాం. నేను ట్యాంకు. ఉల్క వెనక్కి ఎప్పుడు పరుగెత్తాలో వాడు నోటుపుస్తకంలో ఎర్ర పెన్నుతో రాసుకున్నాడు.