నాలుగు ఎండాకాలాలు వాడిన పిల్లల లైఫ్ జాకెట్

2021 నవంబరు వానలు తిరుపతిని ముంచేసినప్పుడు పాకాల దగ్గర మా ఊళ్లో బావులన్నీ నిండినాయి. ఏళ్ల తరబడి అడుగున కంపచెట్లు మొలిచి ఉన్న మా మామిడితోట బావిలో నీళ్లు పైమెట్ల దాకా వచ్చినాయి. మరుసటి ఎండాకాలం సెలవులకు పిల్లల్ని ఊరికి తీసుకుపోవాలంటే ఆ బావిని తలుచుకుని నాకు భయం. వాళ్లకేమో ఆ బావే కావాలి.

మా చిన్నప్పుడు నడుముకు మునగబెండ్లో, ఎండిన సొరబుర్రలో కట్టి బావిలోకి తోసేసేవాళ్లు. ఊళ్లో ఈత వచ్చినవాళ్లంతా అట్లా నేర్చినవాళ్లే. కానీ ఆ రోజుల్లో బావిగట్టున ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు ఉండేవాళ్లు. ఇప్పుడు మోటారు స్విచ్ వేసి ఎవరి దారిన వాళ్లు పోతున్నారు.

మొదట తిరుపతిలో ఒక అంగట్లో 450 రూపాయలకు ఒక జాకెట్ కొన్నాను. చూడ్డానికి బాగుంది, ఛాతీ మీద రెండు క్లిప్పులున్నాయి. మా అబ్బాయికప్పుడు ఆరేళ్లు. మొదటిరోజే మూడో మెట్టు మీంచి దూకాడు. జాకెట్ తేలింది, పిల్లోడు మాత్రం అందులోంచి కిందికి జారిపోయాడు. భుజాల భాగం చెవుల పైకి లేచింది, ముఖం ముందుభాగంలో కూరుకుపోయింది. అరుపు లేదు, ఏడుపు లేదు, చేతులు రెండూ నీళ్లను అదుముతున్నాయి, అంతే. గట్టు మీదున్న మా అమ్మే ముందు చూసింది. "ఒరే, బిడ్డ మూతి కనపళ్లేదురా!" అని అరిచింది. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను కాబట్టి పట్టుకున్నాను. మునిగే పిల్లలు కేకలు పెడతారని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. నోరు నీళ్లలో ఉన్న బిడ్డకు కేక ఎక్కడినుంచి వస్తుంది?

ఆ జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ లేదు. తప్పంతా అక్కడుంది. పిల్లలకు జాకెట్‌ను ఆపే తుంటి వెడల్పు ఉండదు, తల బరువు. కింద పట్టీ లేకపోతే ఎంత బిగించినా పైకి జారుతుంది.

వారం తిరక్కుండా 1,400 పెట్టి ఇంకొకటి తెప్పించాను. ఈ సమీక్ష దాని గురించే. నారింజ రంగు, 15 నుంచి 30 కిలోల పిల్లలకు, లోపల ఫోమ్ పలకలు, ముందు జిప్పు, దాని మీద మూడు క్లిప్పులు, కాళ్ల మధ్య పట్టీ, మెడ వెనక చేత్తో పట్టుకుని లాగడానికి ఒక పిడి. ఆ పిడి ఎంత పనికొచ్చిందో చెప్పలేను. మెట్ల మీద కాలు జారిన ప్రతిసారీ దాన్ని పట్టుకునే పైకి లేపాను. రంగు కూడా ముఖ్యమే. మా బావినీళ్లు పచ్చగా ఉంటాయి, వాటిలో నీలం, ఆకుపచ్చ కలిసిపోతాయి.

కొనేటప్పుడు వయసు చూడొద్దు, బరువు చూడండి. తొడిగాక రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది మీ బిడ్డది కాదు. "పెరుగుతాడులే" అని ఒక సైజు పెద్దది కొనడం చొక్కాలకు చెల్లుతుంది, దీనికి చెల్లదు. లేబుల్ మీద 50 న్యూటన్లని (తేల్చే బలాన్ని బట్టి పెట్టిన రకం) ఉంటే అది తేలడానికి సాయం చేసే రకం మాత్రమే. స్పృహ తప్పిన బిడ్డను వెల్లకిలా తిప్పుతుందని నమ్ముకోకూడదు. ఆ పని కోసం చేసేది మెడ వెనక దిండు ఉండే 100 న్యూటన్ల రకం. ఇక గాలి ఊది చేతులకు తొడిగే బుడగలు, నడుముకు వేసే రింగులు ఆటసామాను. ఒక్క కంపముల్లు చాలు వాటికి.

తలకోనకు దీన్ని నాలుగుసార్లు తీసుకుపోయాం. భాకరాపేట మీదుగా పొద్దున్నే బయల్దేరి, చిత్రాన్నం కట్టుకుని. 270 అడుగుల పైనుంచి నీళ్లు పడే చోటికి మాత్రం జాకెట్ ఉన్నా పిల్లల్ని పోనివ్వను. అక్కడి నీళ్లలో గాలి కలిసి నురగ ఎక్కువ, నురగలో ఏదైనా తక్కువగా తేలుతుంది. పైగా బండల మీద పాకుడు. కింద వాగులో మోకాలి లోతులో ఆడతారు, అక్కడ కూడా జాకెట్ తియ్యరు. ఒకసారి తేటగా పారుతున్న నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబారినాయి, ఎండుటాకులు కొట్టుకొచ్చినాయి. మా నెత్తిన ఎండ కాస్తానే ఉంది. పైన కొండల్లో వాన పడిందని అర్థమై పిల్లల్ని గట్టెక్కించాను. పాప ఏడ్చింది, బెంగళూరా మామిడికాయ కోసి ఉప్పూకారం పెట్టి ఊరుకోబెట్టాను. కాసేపటికి మేం ఆడిన చోట నడుములోతు పారింది.

ఊళ్లో మా ఇంటి పద్ధతి ఒకటుంది. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒకరి భుజం మీద ఎర్ర తుండు ఉంటుంది. తుండు ఎవరిదగ్గరుంటే వాళ్లు ఫోన్ ముట్టకూడదు, కబుర్లలో పడకూడదు, వేరేవాళ్ల భుజాన తుండు వేస్తేగాని లేవకూడదు. నలుగురు పెద్దవాళ్లున్న చోటే ఎవరూ చూడరని ఆ మొదటిరోజు తెలిసింది మాకు.

అబ్బాయికి ఈత వచ్చి 30 కిలోలు దాటాక జాకెట్ పాపకు వచ్చింది. పాపకు ఈదడం కంటే వెల్లకిలా తేలడం ఇష్టం. బావి మీదికి వంగిన చెట్టుకు గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. వాటిని లెక్కపెడుతూ, ఒక్కోదానికి మా బంధువుల పేర్లు పెడుతూ తేలేది. నీళ్లంటే భయం లేకుండా, అలాగని లెక్కలేనితనమూ లేకుండా పెరిగింది.

ఇక లోపాలు. రెండో ఏడు జిప్పులో ఇసుక పట్టి బిగుసుకుపోయింది. ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి కొవ్వొత్తి రుద్దితే సరిపోయింది. కాళ్ల పట్టీ మొదట్లో తొడల్ని ఒరుసుకుని ఎర్రగా కందేది, లోపల నిక్కరు పొడుగుది వేశాం. ఎండలో ఆరేస్తే గుడ్డ పెళుసుబారుతుంది, నీడనే ఆరేయాలి.

అసలు సంగతి ఫోమ్‌ది. ఏటా సెలవులకు ముందు జాకెట్‌కు అవే ఇనుప తూకంరాళ్లు కట్టి ఇంటి తొట్టిలో వేసి చూసేవాణ్ణి. కొత్తలో సగం పైకి తేలేది. 2025 ఎండాకాలం అయ్యాక చూస్తే అంచులు మాత్రమే నీళ్లపైన కనిపించినాయి. పైకి ఏ చిరుగూ లేదు, కానీ పలకలు నొక్కుకుపోయి పలచబడ్డాయి.

మా తమ్ముడు వాళ్ల పిల్లోడికి ఇమ్మన్నాడు. వాడికి కొత్తది కొనిచ్చి, దీని పట్టీలన్నీ కత్తిరించేశాను, ఇంకెవరూ పొరపాటున తొడగకుండా. లోపలి పలకలు మా అమ్మ తీసుకుంది. రెండిటిని పాతచీరలో చుట్టి కుట్టింది. ఇప్పుడు బావిగట్టు మీద తుండు భుజాన వేసుకుని వాటి మీదే కూర్చుంటుంది.