ఇద్దరు లాయిడ్‌లు: క్లైవ్, డేవిడ్

లాయిడ్ వేల్స్ ఇంటిపేరు. వెస్టిండీస్‌కు ఆడిన గయానా క్లైవ్, ఇంగ్లండ్‌లోని అక్రింగ్టన్‌లో పుట్టిన డేవిడ్ ఇద్దరూ ఎడమచేతి బ్యాటర్లే, ఇంగ్లండ్ కౌంటీ జట్టు లాంకషైర్‌కు కలిసి ఆడి, వేర్వేరు కాలాల్లో కెప్టెన్లుగా చేసినవాళ్లే.

ఇద్దరూ మన బౌలర్లను ఉతికేశారు. 1974లో ఎడ్జ్‌బాస్టన్‌లో డేవిడ్ 214 నాటౌట్, 1975లో వాంఖడేలో క్లైవ్ 242 నాటౌట్.

బ్యాటింగ్‌లో అంతకుమించి పోటీ లేదు. క్లైవ్ అంటే కళ్లద్దాలు, కాస్త వంగిన భుజాలు, చేతిలో బరువైన బ్యాటు. 1975 ప్రపంచకప్ ఫైనల్లో 50కి 3 వికెట్లు పడ్డాక వచ్చిన క్లైవ్ 85 బంతుల్లో 102 బాదేశాడు. ఆడినవి 110 టెస్టులు. డేవిడ్ ఆడింది 9 మాత్రమే!

మైకు దగ్గర మాత్రం నా ఓటు డేవిడ్‌కే. పెర్త్‌లో ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ థామ్సన్ బంతి తనకు ఎక్కడ తగిలిందో చెప్పి ఇప్పటికీ జనాన్ని నవ్విస్తాడు.