మెసేజ్ అందరికీ చేరింది, కాకపోతే తలా ఓ టైముకి

బల్క్ మెసేజ్ సర్వీసు. ఐదుకి రెండు స్టార్లు.

పెద్ద మైదానంలో జరిగిన ఒక కార్యక్రమానికి గేట్ల దగ్గర వాలంటీర్లను చూసుకునే పని నాది. నంబర్లు ఇచ్చిన వాళ్ళందరికీ ఒక్క నొక్కుతో మెసేజ్ వెళ్ళే సర్వీసు తీసుకున్నాం. కంపెనీ పేరు రాయను. ఇలాంటి సర్వీసులు దాదాపు అన్నీ ఇదే పద్ధతి కాబట్టి పేరు రాసి లాభం లేదు.

వాడటం సులువు, స్క్రీన్ శుభ్రంగా ఉంది. చిక్కల్లా తెలుగులో రాసినప్పుడే. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 దాటదు, అందులో గుణింతం గుర్తులూ లెక్కే. దాటితే రెండో మెసేజ్ కింద పడుతుంది.

ఆ రోజు మూడో గేటు బారికేడ్ వంగింది, సరిచేయడానికి కాసేపు మూశారు. కంట్రోల్ రూములో కుర్రాడు కారణం కూడా రాశాడట, 70 దాటిందని అదే కోసేశాడు. చివరికి వెళ్ళింది ఇది: "మూడో గేటు మూసేశాం. వెంటనే వేరే గేటుకి వెళ్ళండి."

నేను నాలుగో గేటు లోపల ఉన్నా. ఎదురుగా ఒకావిడ ఫోను చూసుకుని, పక్కన నిలబడ్డ పిల్లాణ్ణి ఎత్తి భుజాన వేసుకుంది. చుట్టూ ఉన్న నలుగురైదుగురి ఫోన్లు మోగలేదు. వాళ్ళు చూసింది ఆవిడ మొహం. "ఏమైందమ్మా?" అన్నాడొకాయన. "తెలీదండీ, వెంటనే వెళ్ళమంటున్నారు" అంది. మూడో గేటు మాట అక్కడే రాలిపోయింది. రెండు నిమిషాలు కాకుండానే అదే కబురు "అక్కడేదో కూలిందట" అని నా దగ్గరికి వచ్చింది. వెనక వాళ్ళు నెట్టడం మొదలెట్టారు. చదరపు మీటరుకి ఐదారుగురు చేరితే మనిషి నడక మనిషి చేతిలో ఉండదు, ముందున్న వాళ్ళకి ఊపిరాడట్లేదని వెనక నెట్టే వాళ్ళకి తెలీనే తెలీదు. మెగాఫోన్ పట్టుకుని "బారికేడ్ రిపేరు, ఇంకేం లేదు, ఉన్నచోటే ఉండండి" అని గొంతు పోయేదాకా అరిచాను. ఎవరూ కింద పడలేదు, అదృష్టం.

నా ఫోనుకి ఆ మెసేజ్ పదకొండు నిమిషాలకి వచ్చింది. అప్పటికి మూడో గేటు తెరిచేశారు కూడా! అంటే ఆలస్యంగా అందిన వాళ్ళు తెరిచిన గేటు వదిలేసి ఇటు రావడం మొదలెట్టారు.

ఎస్సెమ్మెస్ ఒక్కో నంబరుకీ విడివిడిగా, క్యూలో వెళ్తుంది. ఒకేచోట అన్ని వేల ఫోన్లుంటే నెట్‌వర్క్ నత్తనడకే. ప్రభుత్వాలు వాడే సెల్ బ్రాడ్‌కాస్ట్ వేరు. దానికి నంబర్లు అక్కర్లేదు, టవర్ పరిధిలోని ఫోన్లన్నీ ఇంచుమించు ఒకేసారి మోగుతాయి. కానీ అది మాలాంటి నిర్వాహకుల చేతికి రాదు. వచ్చినా, పంపేవాడు పొరబడితే పొరపాటూ ఒకేసారి చేరుతుంది. 2018 జనవరి 13న హవాయిలో క్షిపణి వస్తోందని తప్పుడు హెచ్చరిక వెళ్ళింది, అది అబద్ధమని ఫోన్లకి మెసేజ్ రావడానికి 38 నిమిషాలు పట్టింది. సవరణ మెసేజ్ ముందే సిద్ధం చేసుకోలేదు మరి. పుకారుకైతే ఇలాంటి హెచ్చరిక కూడా అక్కర్లేదు: లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో 2017 నవంబర్ 24న అసలు కాల్పులే లేవు, అయినా ట్వీట్లు తిరిగాయి, జనం పరుగెత్తారు, దెబ్బలు తగిలాయి.

ఈ సర్వీసులో నాకు ఒళ్ళు మండింది అక్కడే: పంపే బటన్ ఉంది, రద్దు బటన్ లేదు. క్యూలో ఉన్నవైనా ఆపొచ్చు కదా? ఆపలేం అన్నారు.

రెండు స్టార్లు దేనికంటే, ముందురోజు పార్కింగ్ వివరాలు పంపడానికి భేషుగ్గా పనికొచ్చింది. ఇకముందు దానివరకే తీసుకుంటాం. గేట్ల దగ్గరకి మెగాఫోన్లు ఇంకో నాలుగు చెప్పాను, టెంప్లేట్లలోంచి "వెంటనే" అన్న మాట తీసేయించాను.

కంపెనీవాళ్ళు ఫోన్ చేసి రేటింగ్ మార్చమన్నారు. పదకొండు నిమిషాల సంగతేంటని అడిగాను. "డెలివరీ రిపోర్టులో అంతా ఆకుపచ్చే ఉంది కదండీ, అందరికీ చేరినట్టే" అన్నారు.