ఐదేళ్ల సీఎన్‌జీ: మైలేజీ సరే, డిక్కీ ఏదీ?

బండి పేరు చెప్పను. 2020 చివర్లో కొన్న చిన్న కారు, సీఎన్‌జీ కంపెనీ బిగించిందే. ఆ ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త పొగ కాలుష్య నిబంధనలు వచ్చాయి, మారుతి డీజిల్ కార్లు మానేసింది. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగే నాకు గ్యాసే దిక్కయింది. మరుసటి ఏడాది పెట్రోలు రూ.100 దాటినప్పుడు ఆఫీసులో మీసం మెలేశాను కూడా.

నా ఏడుపంతా డిక్కీ గురించే. 60 లీటర్ల సిలిండర్ అడ్డంగా పడుకుని ఉంటుంది, పక్కన నిలబెట్టిన స్టెప్నీ. మిగిలిన సందులో రెండు చేతిసంచులు పడితే గొప్ప.

ఓ సంక్రాంతికి కోదాడ వైపు మా ఊరి నుంచి తిరిగొస్తున్నాం. 25 కిలోల బియ్యం బస్తా అమ్మ కాళ్ల కింద, అరిసెల డబ్బా మా ఆవిడ ఒళ్లో. నకిరేకల్ దాటాక వెనక టైరు పంచరు. రాత్రి పది, పండగ రద్దీ. సందులో కుక్కిన పచ్చడి జాడీలు, కొబ్బరికాయలు, దుప్పట్లు అన్నీ రోడ్డు పక్కన పరిస్తే తప్ప స్టెప్నీ చేతికి రాలేదు. అమ్మ బస్తా దింపించుకుని దానిమీదే కూర్చుని, "ఇంత కారులో సామాను పెట్టుకునే చోటే లేదేంట్రా?" అంది.

ఆ ప్రశ్న మా అమ్మ ఒక్కతే అడిగినట్టు లేదు. 2023లో టాటా ఆల్ట్రోజ్‌లో ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి డిక్కీ నేల కింద పెట్టింది, స్టెప్నీని బండి కిందకు దింపింది. మరుసటి ఏడాది హ్యుందాయ్ ఎక్స్‌టర్‌లో జంట సిలిండర్లు తెచ్చింది. 2025లో మారుతి విక్టోరిస్‌కు ట్యాంకును ఏకంగా బండి అడుగున బిగించింది. మూడేళ్లు ముందే ఈ పోటీ మొదలై ఉంటే!

బావమరిది జంట సిలిండర్ల బండి కొన్నాడు. వెళ్లగానే డిక్కీ తీసి చూశాను. బస్తా సుఖంగా పడుతుంది. కుళ్లుకున్నాను.

మీసం సంగతి కూడా ఒప్పుకోవాలి: తర్వాత గ్యాసు ధరా పెరిగింది, బంకు దగ్గర క్యూలో పోయే అరగంటను నేను ఎన్నడూ లెక్కలో వేయలేదు.

అయినా ఈ బండిని అమ్మను. లోను తీరింది, మూడేళ్లకోసారి చేయించే సిలిండర్ టెస్టు ఈమధ్యే అయింది, రోజూ వెళ్లేది నేనొక్కడినే. ఊళ్లో అమ్మానాన్నలు, పొలం ఉన్నవాళ్లయితే డిక్కీ తెరిచి చూసి కొనండి. ఈసారి మా బియ్యం బావమరిది బండిలో వస్తున్నాయి.