అమెరికాలో కౌన్సెలింగ్ మాస్టర్స్, ఎంఎస్‌డబ్ల్యూ: ఏది ఎవరికి?

అమెరికాలో మానసిక ఆరోగ్య కౌన్సెలర్‌గా స్థిరపడదలచినవారిలో చాలామంది క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ చేయాలా, ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్)లో చేరాలా అని తటపటాయిస్తారు. కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ సీఏసీఆర్‌ఈపీ గుర్తింపు ఉన్న కౌన్సెలింగ్ కోర్సులో 60 సెమిస్టర్ క్రెడిట్లతో పాటు 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో చేసే తొలి సాధన), 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటాయి; ఆ 600లో కనీసం 240 గంటలు నేరుగా క్లయింట్లతోనే గడపవలసి ఉన్నందున, ఎదుటివారి మౌనాన్ని తొందరపడి మాటలతో నింపకుండా ఓపిక పట్టడం అక్కడే అలవడుతుంది. ఎంఎస్‌డబ్ల్యూలో క్షేత్రశిక్షణ కనీసం 900 గంటలున్నప్పటికీ, అందులో వసతి, ప్రభుత్వ సాయం వంటి వ్యవహారాలు చక్కబెట్టే పని కూడా కలిసి ఉంటుంది. అయితే వృద్ధులకు ప్రధానంగా ఉద్దేశించిన ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ నుంచి చెల్లింపులు పొందే అవకాశం కౌన్సెలర్లకు 2024 జనవరిలో గాని రాలేదు, క్లినికల్ సోషల్ వర్కర్లకు అది అంతకుముందే ఉంది. ఆసుపత్రి కొలువు కోరేవారికి నేను ఎంఎస్‌డబ్ల్యూనే సూచిస్తాను. స్వతంత్ర లైసెన్సుకు మాత్రం రెండు దారుల్లోనూ పర్యవేక్షణలో పనిచేయడం, పరీక్ష గట్టెక్కడం తప్పవు; గంటల లెక్క రాష్ట్రాన్నిబట్టి మారుతుంది.